మంచినీటి అక్వేరియానికి చుక్కల టెస్ట్ కిట్: రెండేళ్ల వాడకం తర్వాత

తొట్టిలో నీరు అద్దంలా మెరుస్తుంటే చేపలకు ఏ లోటూ లేనట్టేనని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం తప్పని తెలిపినది ఈ చుక్కల టెస్ట్ కిట్. ఇందులో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్‌లకు వేర్వేరు మందు సీసాలు, 5 మిల్లీలీటర్ల గీత ఉన్న గాజు నాళికలు, రంగులను పోల్చి చూసుకునే అట్ట ఉంటాయి. నాళికలో గీత దాకా తొట్టి నీరు పోసి, చెప్పినన్ని చుక్కలు వేసి, చెప్పినంతసేపు ఆగి, ఏర్పడిన రంగును అట్టతో సరిచూసుకోవాలి. పని ఇంతే అయినా, ఈ కొద్దిపాటి పనిలోనే పొరపాట్లకు చాలా చోటుంది.

దీన్ని కొనడానికి కారణమైన సంఘటన ముందు చెప్పాలి. నా 60 లీటర్ల తొట్టిలో గప్పీలు ఒక ఉదయం నీటి పైభాగానికి చేరి, నోళ్లు తెరుస్తూ మూస్తూ కనిపించాయి. నీరు మాత్రం ఎప్పటికంటే తేటగా ఉంది. అంతకు ముందు రోజే నేను ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి, మురికి చుక్క కూడా రానంత వరకు పిండి పిండి కడిగాను. కిట్ తెచ్చి అమ్మోనియా పరీక్ష చేస్తే, పసుపు రంగులో ఉండాల్సిన నీరు స్పష్టంగా ఆకుపచ్చకు తిరిగింది. అట్ట మీద అది 1 పీపీఎం, అంటే పది లక్షల భాగాల నీటిలో ఒక భాగం. సున్నా తప్ప మరే అంకె కనిపించినా ఆందోళన పడాల్సిన పరీక్ష అది.

చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. నైట్రైట్ చేప రక్తంలోకి చేరితే రక్తానికి ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గిపోతుంది. మూడోది కొంత మేరకు భరించదగినది. మొక్కలు దాన్ని పీల్చుకుంటాయి, మిగిలినది నీరు మార్చినప్పుడు బయటికి పోతుంది. ఈ బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది తక్కువ, స్పాంజికీ గులకరాళ్లకూ అంటిపెట్టుకుని ఉండేది ఎక్కువ. అంటే, శుభ్రం చేస్తున్నాననుకుంటూ నేను క్లోరిన్ కలిసిన నీటితో కడిగి పోగొట్టుకున్నది మురికిని కాదు, తొట్టిని కాపాడుతున్న ప్రాణులను. రోజూ కొంత నీరు తీసి, క్లోరిన్ విరుగుడు కలిపిన నీటిని పోస్తూ, మేత బాగా తగ్గించి, పొద్దున్నే పరీక్ష చేస్తూ వచ్చాను. అమ్మోనియా తగ్గుతుండగా నైట్రైట్ నాళిక లేత నీలం నుంచి ఊదా రంగుకు మారింది. రెండు వారాలకు రెండూ సున్నాకు వచ్చాయి. ఇప్పుడు స్పాంజిని తొట్టిలోంచి తోడిన నీటిలోనే, రెండు మూడు సార్లు నొక్కి వదిలేస్తాను.

ఈ కిట్ అసలైన విలువ కొత్తగా తొట్టి పెట్టేటప్పుడే తెలుస్తుంది. నా రెండో తొట్టిలో చేపలు వేయకుండా, ముందుగా ఆ బ్యాక్టీరియా పెరిగేందుకు, సువాసనలూ సబ్బూ కలపని అమ్మోనియా ద్రావణాన్ని 2 పీపీఎం చూపేంతగా కలిపి, ఫిల్టర్ నడుపుతూ రోజూ అంకెలు రాసుకున్నాను. రెండో వారంలో నైట్రైట్ కనిపించింది. అయిదో వారంలో, కలిపిన అమ్మోనియా 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపిన తర్వాతే నీరు చాలావరకు మార్చి చేపలను వదిలాను. ఈ ఎదురుచూపు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది ముగిసిందో లేదో కంటితో చూసి చెప్పగలవారు లేరు.

నాలుగింటిలో నైట్రేట్ పరీక్షే కష్టమైనది, తప్పుడు ధైర్యం ఇచ్చేది కూడా అదే. దాని రెండో సీసాలో మందు అడుగున గట్టిగా పేరుకుంటుంది. సీసాను బల్ల అంచుకు నాలుగు సార్లు తట్టి, కనీసం 30 సెకన్లు బలంగా ఊపి, చుక్కలు వేశాక నాళికను ఇంకో నిమిషం ఊపి, అప్పుడు 5 నిమిషాలు ఆగాలి. నేను మొదటి మూడు నెలలు మందుల సీసాను ఊపినట్టు ఊరికే అటూ ఇటూ తిప్పి వాడాను. అట్ట 5 పీపీఎం అని చూపుతుంటే సంతోషించాను. సరిగ్గా ఊపిన రోజు అదే నీరు ఎర్రబడి 40 చూపింది. వారానికి నాలుగో వంతు నీరు తప్పకుండా మార్చడం ఆ రోజు నుంచే నాకు అలవాటైంది. మరొకటి, తొట్టిలో నైట్రైట్ ఉన్నంత కాలం నైట్రేట్ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. ఈ పరీక్ష నైట్రైట్‌ను కూడా కలుపుకుని చూపుతుంది.

లోపాలూ ఉన్నాయి. నైట్రేట్ అట్టపై 20కీ 40కీ మధ్య ఎరుపు ఛాయల తేడా చాలా స్వల్పం. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉన్నవారికి ఇది అసలు పనికిరాకపోవచ్చు. పసుపు వెలుతురు ఇచ్చే బల్బు కింద అమ్మోనియా సున్నా కూడా 0.25లా కనిపించి కంగారు పెడుతుంది కాబట్టి, పగటి వెలుగులో నాళికను అట్టపై తెల్లని భాగానికి ఆనించి చూడాలి. కరపత్రం చెప్పకుండా వదిలేసిన ముఖ్య విషయం ఒకటుంది: కిట్ చూపేది మొత్తం అమ్మోనియా, అందులో విషపు వంతు పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర అది ఒక శాతం కూడా ఉండదు, 8 దగ్గర దాదాపు 5 శాతం. అందుకే ఒకే అంకె ఒక తొట్టిలో ముందుజాగ్రత్తగా, మరో తొట్టిలో ప్రమాదఘంటికగా మోగుతుంది. నీటి కాఠిన్యం, కార్బొనేట్ కాఠిన్యం కొలిచే సీసాలు ఇందులో లేకపోవడం నాకు పెద్ద కొరతగా తోచింది, ఎందుకంటే కార్బొనేట్ తరిగిపోతే పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. వాటిని విడిగా కొన్నాను.

నీటిలో ముంచి తీసే కాగితపు పట్టీలు ఇంతకంటే సులువే. అయితే చాలా పట్టీల్లో, కొత్త తొట్టికి అన్నిటికంటే ముందు కావలసిన అమ్మోనియా పరీక్ష ఉండదు. తీరిక లేని వారంలో పట్టీ ముంచి చూడటం మంచిదే గానీ, అనుమానం వచ్చిన రోజు నేను నాళికలే బయటికి తీస్తాను.

నాళికను ఊపేటప్పుడు మూతకు బదులు బొటనవేలు అడ్డం పెట్టకండి. వేలి మురికి అంకెను మారుస్తుంది, పైగా ఈ మందుల్లో కొన్ని చర్మాన్ని కాలుస్తాయి. సీసాలు పిల్లలకు అందని అరలో ఉండాలి. పరీక్ష చేసిన నీటిని ఎంత కొద్దిదైనా తొట్టిలో తిరిగి పోయకుండా తూములోకి వదిలి, నాళికలను వెంటనే కడిగి బోర్లించాలి. ఎండిన మరక మరుసటి పరీక్షలో రంగుగా తేలుతుంది.