ఫెయిర్ అయ్యాక వెరోనాలోనే ఉండిపోయాం: ఒంగోలు కర్నూలు రోడ్డు ట్రావెల్స్ ఆఫీసు ప్లాన్ మీద నా రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

మాది చీమకుర్తిలో చిన్న పాలిషింగ్ యూనిట్. రాయి వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఇటలీలోని వెరోనా పేరు కొత్త కాదు. ఏటా సెప్టెంబరులో అక్కడ మార్మోమాక్ అనే పెద్ద స్టోన్ ఫెయిర్ జరుగుతుంది. దానికి మొదటిసారి వెళ్తున్నాను కదా, మా ఆవిడని కూడా తీసుకెళ్లి, ఫెయిర్ అయ్యాక నాలుగు ఊళ్లు చూపిద్దామని ఈ ఆఫీసుకి వెళ్లాను. రోమ్, ఫ్లారెన్స్, వెనిస్, మిలాన్ కలిపి ప్యాకేజీ కావాలన్నాను.

డెస్క్‌లో ఉన్న అమ్మాయి రేటు చెప్పకుండా ముందు క్యాలెండర్ తీసింది. "ఫెయిర్ అయిపోయాక మీ చేతిలో మిగిలేది రెండున్నర రోజులే సార్. వెరోనా నుంచి రోమ్‌కి ఫాస్ట్ రైల్లో వెళ్లినా దాదాపు మూడు గంటలు పడుతుంది. రోజూ పెట్టెలు సర్దడం, హోటల్ మారడం... మేడమ్‌కేమో మోకాళ్ల నొప్పులంటున్నారు. వెరోనాలోనే ఉండిపోండి. పాత ఊరంతా నడిచి తిరగొచ్చు" అంది. మా ఆవిడ వెంటనే, "అమ్మాయి చెప్పిందే బాగుందండీ, ఒక్క ఊరైనా కుదురుగా చూద్దాం" అంది. నాలుగు ఊళ్లు అమ్మితే ఆఫీసుకే ఎక్కువ మిగిలేది. అయినా వద్దని చెప్పారు. నేను స్టార్లు ఇస్తున్నది ముందు దానికే.

వీసా పని శుభ్రంగా చేశారు. ఫెయిర్ ఇన్విటేషన్, ఐటీ రిటర్నులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్, అన్నీ వరసలో పెట్టి ఫైలు చేతికిచ్చారు. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి ఒక్కటే చెల్లే వీసా) ఫీజు మనిషికి 90 యూరోలు, అది వేరే. వేలిముద్రలకి మాత్రం మనమే హైదరాబాద్ వెళ్లాలి.

హోటల్ పోర్టా నువోవా స్టేషన్‌కీ పాత ఊరికీ మధ్యలో తీసుకున్నారు. ఇది మంచి నిర్ణయం. ఫెయిర్ గ్రౌండ్ స్టేషన్‌కి అవతల దక్షిణంగా ఉంటుంది, ఇవతలి వైపు తిన్నగా నడిస్తే పియాజ్జా బ్రా సెంటర్ వస్తుంది. ఫెయిర్ రోజుల్లో వెరోనాలో రూము రేట్లు బాగా పెరుగుతాయి కాబట్టి ముందే బుక్ చేయించుకోవాలి.

ఇక ఊరి సంగతి. పియాజ్జా బ్రాలో ఒక పక్కంతా వెడల్పాటి పేవ్‌మెంట్ ఉంటుంది, లిస్టోన్ అంటారు. ప్లాన్ కాగితంలో దాని దగ్గర ఆ అమ్మాయి పెన్నుతో "సార్, ఇక్కడ కిందకి చూడండి" అని రాసింది. చూశాను. చుట్టుపక్కల కొండల్లో తీసే ఎర్ర సున్నపురాయి అది. మన గ్రానైట్ అంత గట్టిది కాదు. ఆ పలకల్లో నత్తగుల్లలా మెలి తిరిగిన అరచేయంత చుట్టలు కనపడ్డాయి. సముద్రంలో బతికిన అమ్మోనైట్లు అనే ప్రాణుల గుల్లలు, దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటివి. ఒక పలక దగ్గర వంగి చెయ్యి పెట్టి చూశాను. చుట్ట మధ్యలో గళ్లు గళ్లుగా గీతలు స్పష్టంగా తెలుస్తున్నాయి. అంచులన్నీ జనం కాళ్లకి అరిగి గుండ్రంగా తిరిగాయి, పైన పాలిష్ కూడా ఆ నడకకి వచ్చిందే. మా యూనిట్‌లో ఏ హెడ్ పెట్టినా ఆ మెరుపు రాదు. మా ఆవిడ పక్కన నిలబడి ఇంకో చుట్ట, ఇంకో చుట్ట అని చూపిస్తూనే ఉంది. రాయి పని చేసేవాడినని గుర్తుపెట్టుకుని ఆ ఒక్క లైను రాసినందుకు ఆ అమ్మాయికి ప్రత్యేకంగా థాంక్స్.

ఆ పక్కనే అరెనా, పైకప్పు లేని గుండ్రటి పాత ప్రదర్శనశాల. 1వ శతాబ్దంలో రోమన్లు కట్టారు. 1117 భూకంపానికి బయటి గోడ కూలిపోయింది, అందులో నాలుగు ఆర్చీల ముక్క మాత్రం ఇంకా నిలబడి ఉంది. 1913లో ఇక్కడ ఎండాకాలం ఓపెరాలు మొదలుపెట్టారు. అవి సెప్టెంబరు మొదట్లో అయిపోతాయి కాబట్టి ఫెయిర్‌కి వెళ్లేవాళ్లకి దొరకవు. ఓపెరా కావాలనుకుంటే జూన్ నుంచి ఆగస్టు లోపు పెట్టుకోండి. రోమియో జూలియెట్ నాటకంలోని జూలియెట్ ఇల్లని చెప్పే చోట జనం ఎక్కువ, అక్కడి బాల్కనీ 20వ శతాబ్దంలో అమర్చింది. ఫొటో తీసుకుని వచ్చేశాం.

మాకు బాగా నచ్చింది పోంతె పియెత్రా వంతెన. రెండో ప్రపంచ యుద్ధం చివర 1945లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ దీన్ని పేల్చేసింది. అడిజే నదిలో పడిన రాళ్లు పైకి తీసి 1957లో మళ్లీ కట్టారు. రోమన్ల కాలం తెల్లరాయి ఒక వైపు, తర్వాతి కాలం ఎర్ర ఇటుక ఒక వైపు, పక్కపక్కనే కనిపిస్తాయి. పడిపోయిన బ్లాకుని గుర్తుపట్టి దాని చోట్లో దాన్ని కూర్చోబెట్టడం ఎంత పనో రాయితో బతికేవాళ్లకి తెలుస్తుంది. నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. వంతెన దాటితే పట్టాల మీద కొండపైకి ఎక్కే చిన్న ఫ్యునికులర్ బండి ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లెక్కకుండా దాంట్లో పోవచ్చు. పైనుంచి నది వంపూ, ఊరూ మొత్తం కనిపిస్తాయి. లాంబెర్తి టవర్‌కి కూడా లిఫ్టు ఉంది.

ఒక రోజు ఖాళీగా వదిలారు, అక్కడికి వెళ్లాక మీ ఓపికని బట్టి చూసుకోండన్నారు. మేము రైల్లో పావుగంట దూరంలో ఉన్న పెస్కియేరా వెళ్లి, గార్డా సరస్సు ఒడ్డున కూర్చుని వచ్చాం. ఇలాంటి లోకల్ రైళ్లకి ముందే టికెట్ అక్కర్లేదు, ఎప్పుడు కొన్నా ఒకటే రేటు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు స్టేషన్‌లో మిషన్‌లో పెట్టి స్టాంపు వేయించుకోవాలి, లేకపోతే ఫైన్.

తిండి గురించి ముందే చెప్పడం మంచిదైంది. వెరోనాలో గుర్రం మాంసం వంటకాలు పాతకాలం నుంచి ఉన్నాయి. తినని మాంసాల ఇటాలియన్ పేర్లన్నీ చిన్న కార్డు మీద తెలుగు అక్షరాల్లో రాసిచ్చారు, మా ఆవిడ అది పర్సులోనే పెట్టుకుంది. పార్మిజాన్ చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, పూర్తి శాకాహారులు గమనించండి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లు వంటిల్లు మూసేస్తాయి, మళ్లీ రాత్రి ఏడు తర్వాతే. ఇంటి నుంచి నెయ్యి, కోడి పచ్చడి తీసుకెళ్లకూడదు, బయటి దేశాల నుంచి పాల, మాంసం పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. గోంగూర పచ్చడికి ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు తగ్గించిన స్టార్ గురించి. మేము వెనిస్ ఎయిర్‌పోర్టులో దిగి, బస్సులో మెస్ట్రే స్టేషన్‌కి వచ్చి రైలెక్కాలి. ఫ్లైట్ దిగే టైముకీ ఫాస్ట్ రైలుకీ మధ్య చాలినంత టైము పెట్టలేదు. ఇమ్మిగ్రేషన్ లైన్లోనే రైలు టైము దాటిపోయింది, అది వాపసు రాని టికెట్. కొత్త దేశంలో దిగీ దిగగానే ఆ టెన్షన్ పెట్టకూడదు. మెస్ట్రేలో లోకల్ రైలు టికెట్ కొనుక్కుని వెళ్లాం. ఇంకోటి, హోటల్లో మనిషికి రాత్రికి ఇంత అని సిటీ ట్యాక్స్ విడిగా కట్టించుకుంటారు, ఆ సంగతి మాకు చెప్పలేదు. తిరిగొచ్చాక రెండూ అడిగితే వాదించలేదు, రైలు టికెట్ డబ్బులు సర్వీస్ ఛార్జీలో తగ్గించారు.

చార్మినార్ నుంచి చెన్నై దాకా అన్నీ ఒకే రోజులో చుట్టెయ్యాలనే రకం ప్రయాణం కావాలంటే ఈ ఆఫీసు మీకు కుదరదు, వాళ్లే వద్దంటారు. తక్కువ రోజులతో మొదటిసారి వెళ్తున్నవాళ్లు, పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ధైర్యంగా అడగొచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి రైలుకి ఎంత టైము ఉందో మాత్రం టికెట్ తీసేముందే అడిగి చూసుకోండి. మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్తే ఆ అమ్మాయి తీరిగ్గా కూర్చుని మాట్లాడుతుంది.