2700 రాసున్న సెల్ మేలా, 2000 రాసున్న సెల్ మేలా?

ఏఏ సెల్స్‌తో నడిచే కెమెరాకో, ఫ్లాష్‌కో రీఛార్జబుల్ సెల్స్ కొనబోతే రెండు రకాలు కనిపిస్తాయి. రెండూ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకమే. ఒకదాని మీద 2500, 2700 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే ఛార్జి కొలత) అని పెద్ద అంకె, మరోదాని మీద 1900, 2000. పెద్ద అంకె చూసి చెయ్యి అటే పోతుంది. కానీ ఆ అంకె ఛార్జర్‌లోంచి తీసిన రోజు లెక్క.

మామూలు రకం సెల్‌ని వాడకుండా ఊరికే ఉంచినా ఛార్జి దిగిపోతూ ఉంటుంది. నెల తిరిగేసరికి 20 నుంచి 30 శాతం పోవడం మామూలే. వేడిలో ఇంకా త్వరగా పోతుంది. రెండో రకం ఛార్జిని నిలుపుకుంటుంది. 2005లో సాన్యో తెచ్చిన ఎనెలూప్‌తో ఈ రకం పేరుకెక్కింది. ఏడాది తర్వాత కూడా 70 శాతం పైనే మిగులుతుంది. నెలకు నాలుగు ఫోటోలు తీసేవాళ్లకు 2000 సెల్లే మేలు. పొద్దున ఛార్జి చేసి సాయంత్రానికి ఖాళీ చేసే ఫ్లాష్ పనికైతే 2700 తీసుకోవచ్చు.

వాడి పారేసే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, ఈ నికెల్ సెల్ 1.2 వోల్టులే కదా అనే అనుమానం చాలామందిది. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే, లోపలి నిరోధం ఎక్కువున్న ఆల్కలైన్ వోల్టేజి పడిపోతుంది. కెమెరా సెల్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. అవే సెల్స్ గోడ గడియారంలో నెలల తరబడి నడుస్తాయి! నికెల్ సెల్ దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే నిలబడుతుంది. మెనూలో సెల్ రకం ఎంచుకునే వీలుంటే నికెల్ మెటల్ హైడ్రైడ్‌కు మార్చండి, లేకపోతే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది.

అసలు సెల్స్‌ని చంపేది ఛార్జర్. గంటలు లెక్కపెట్టి ఆగే చవక ఛార్జర్, సగం ఛార్జి మిగిలున్న సెల్ ఇచ్చినా పూర్తి సమయం ఎక్కిస్తూనే ఉంటుంది. ఒక్కో సెల్‌ని విడిగా చూసి, నిండగానే ఆపేదే కొనండి. 2000 సెల్‌కు 1000 మిల్లీఆంప్స్ దగ్గర పెడితే రెండు గంటల పైచిలుకు పడుతుంది. మరీ తక్కువ కరెంటు పెడితే, నిండినప్పుడు వోల్టేజిలో వచ్చే చిన్న దిగుడు ఛార్జర్‌కు అందదు.

నాలుగు సెల్స్‌నీ ఒక జట్టుగా వాడండి, మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. పాతదొకటి కలిస్తే అది ముందే ఖాళీ అవుతుంది, మిగతా మూడూ దాన్ని తిరగబడిన ధ్రువాల వైపు తోస్తాయి. ఒకసారి అలా జరిగిన సెల్ మళ్లీ మునుపటిలా ఉండదు. ఏఏ సైజులోనే దొరికే 14500 లిథియం అయాన్ సెల్స్ జోలికి మాత్రం వెళ్లకండి: ఒక్కోటీ 3.7 వోల్టులు, నాలుగు వేస్తే కెమెరా కాలిపోవచ్చు.