ఏడేళ్ల కామోమైల్: కడుపుకు సరే, నిద్రకు కాదు

జర్మనీ వచ్చిన మొదటి చలికాలంలో కడుపు పాడై రెండు రోజులు మంచం దిగలేదు. కింది అంతస్తు పెద్దావిడ తలుపు కొట్టి, ఒక ఫ్లాస్కూ నాలుగు రస్కులూ చేతిలో పెట్టి వెళ్లింది. ఫ్లాస్కులో ఉన్నది కమిల్లెన్‌టే, అంటే కామోమైల్ టీ. మొదటి గుక్కకి వానకు తడిసిన గడ్డివాము గుర్తొచ్చింది. మన ఇళ్లలో కడుపునొప్పి అనగానే వాము డబ్బా ఎలా దిగుతుందో, ఇక్కడ ఇది అలా దిగుతుంది. జలుబు చేస్తే ఆవిరి పట్టడానికీ ఇదే, చిగుళ్లు వాస్తే పుక్కిలించడానికీ ఇదే. అప్పటి నుంచి ఏడేళ్లుగా మా వంటింట్లో ఈ పూల డబ్బా ఖాళీ కాలేదు.

ముందు పేరు గొడవ తేల్చాలి. తెలుగులో దీన్ని చాలామంది 'చామంతి టీ' అని రాస్తున్నారు. అది చదివి మా పిన్ని, సంక్రాంతికి గుమ్మానికి కట్టిన దండలో పూలు ఎండబెట్టి కాచుకుంది. చేదుగా ఉందని నాకు ఫోన్ చేసింది. చేదు సంగతి సరే, దండ పూల మీద ఎన్ని మందులు కొట్టి ఉంటారో! మన చామంతి వేరు, ఇది వేరు. కుటుంబం మాత్రం ఒకటే. బంతి, పొద్దుతిరుగుడు, ఆఖరికి వయ్యారిభామ కూడా ఆ కుటుంబంలోవే. ఈ చుట్టరికం నాకు తర్వాత గట్టిగానే గుర్తొచ్చింది, అది కింద చెప్తాను.

మందుగా వాడే జర్మన్ కామోమైల్‌ని గుర్తుపట్టడం తేలిక. చుట్టూ తెల్ల రేకులు, మధ్యలో పసుపు బుడిపె. ఆ బుడిపెను బ్లేడుతో నిలువుగా కోస్తే లోపల బోలుగా ఉంటుంది. రోమన్ కామోమైల్ అని ఇంకో మొక్క ఉంది, దాంట్లో గట్టిగా నిండి ఉంటుంది. మనదేశంలో లక్నో వైపు ఈ జర్మన్ రకాన్నే పండిస్తారు. యునానీ వైద్యంలో బాబూనా అంటారు కాబట్టి హైదరాబాద్ పాతబస్తీ యునానీ దుకాణాల్లో ఆ పేరుతో అడగండి.

మొదటి రెండేళ్లూ నేను సూపర్‌మార్కెట్ టీ బ్యాగులే వాడాను. ఒక్కో దాంట్లో ఉండేది గ్రాము, గ్రామున్నర పొడి. పూలు అంత మెత్తగా నలిగాక వాసన ఏం మిగులుతుంది? తర్వాత మందుల షాపులో విడి పూలు కొన్నాను. ప్యాకెట్ మీద మందు సీసా మీద రాసినట్టే మోతాదు ఉంది: 3 గ్రాముల పూలు, 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, మూతపెట్టి 5 నుంచి 10 నిమిషాలు. ఆ మూతే అసలు కిటుకు. తీసేటప్పుడు దాని అడుగున పట్టిన నీటిచుక్కల్ని కప్పులోకే దులపాలి. ఆవిరితో పైకి పోయే నూనె అంతా అక్కడే ఉంటుంది. ఒకసారి మూతపెట్టీ, ఒకసారి పెట్టకుండానూ కాచి పక్కపక్కన వాసన చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మూతపెట్టిన దాంట్లోంచి మగ్గిన ఆపిల్ వాసన వస్తుంది. గ్రీకులు దీనికి 'నేల ఆపిల్' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

ఆ నూనె చిన్న సీసా ఒకటి కొన్నాను, కుతూహలం కొద్దీ. తెల్ల కాగితం మీద చుక్క వేస్తే ఇంకు ఒలికినట్టు నీలం! పువ్వులో ఎక్కడా నీలం లేదు కదా అనిపిస్తుంది. పూలలో మాట్రిసిన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. ఆవిరితో నూనె తీసేటప్పుడు వేడికి అది కామజులీన్‌గా మారి నీలం తిరుగుతుంది. వాపు తగ్గించే గుణం దీనికీ ఉంది, నూనెలోనే ఉండే బిసబొలాల్‌కీ ఉంది. బిసబొలాల్ అనే మాట మీ ఫేస్ క్రీమ్ డబ్బా మీద కూడా కనిపించవచ్చు. కాకపోతే క్రీముల్లో వేసేది చాలావరకు బ్రెజిల్‌లోని ఒక చెట్టు నుంచి తీసిందో, ఫ్యాక్టరీలో చేసిందో అయి ఉంటుంది. డబ్బా మీద కామోమైల్ పువ్వు బొమ్మ చూసి మురిసిపోకండి.

ఇక ఏది పనిచేసింది? కడుపు పట్టేసినట్టు మెలిపెట్టే నొప్పికి నాకు బాగా పనిచేస్తుంది. కప్పు తాగిన అరగంటకి పట్టు సడలుతుంది. పేగుల కండరాలను వదులు చేసే గుణం ఈ పూలలోని ఎపిజెనిన్ లాంటి ఫ్లేవనాయిడ్లకు (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలకు) ఉంది. గ్యాస్‌కి మాత్రం మా అమ్మ వాము నీళ్లే నయం, ఆ విషయంలో ఇది దాని కాలిగోటికి సరిపోదు. నోటిపూతకి రెట్టింపు పూలు వేసి చిక్కగా కాచి, చల్లారాక రోజుకు మూడుసార్లు పుక్కిలిస్తాను. పూత రావడం ఆగలేదు గానీ మంట తగ్గి అన్నం తినగలుగుతాను.

నిద్ర సంగతికొస్తే, జనం ఎక్కువగా కొనేది దీనికోసమే, నన్ను ఎక్కువగా నిరాశపరిచిందీ ఇక్కడే. ఎపిజెనిన్ మెదడులో నిద్రమాత్రలు అతుక్కునే చోటే అతుక్కుంటుందని 1995లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు చూపించారు. అక్కడి నుంచి పుట్టిందే ఈ ప్రచారంలో సగం. కానీ ఎపిజెనిన్ నీళ్లలో సరిగా కరగదు. కప్పులోకి దిగేది ఎక్కువగా చక్కెరతో కలిసి ఉన్న దాని ఇంకో రూపం. 2011లో అమెరికాలో నిద్రలేమి ఉన్న 34 మందిలో కొందరికి 28 రోజులు కామోమైల్ క్యాప్సూల్స్ ఇచ్చి చూస్తే, మందు లేని ఉత్తి మాత్రలు మింగిన వాళ్ల నిద్రకీ వీళ్ల నిద్రకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆందోళన మీద మాత్రం 2009లో పెన్సిల్వేనియాలో 57 మందితో చేసిన పరీక్షలో ఓ మోస్తరు ఫలితం కనిపించింది. అదీ క్యాప్సూల్స్‌తోనే, ఎనిమిది వారాలు వాడాక. రాత్రి ఈ టీ తాగితే నాకు టెన్షన్ కొంచెం తగ్గే మాట నిజం. అయితే ఆ పది నిమిషాలు ఫోన్ పక్కన పెడతాను కదా, ఆ పుణ్యం పువ్వుదో ఫోన్‌దో ఎలా చెప్పను?

నాన్న మూడు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చినప్పుడు ఒకరోజు కళ్లు ఎర్రబడ్డాయి. పక్కింటివాళ్లు చెప్పారని, చల్లారిన కామోమైల్ నీళ్లలో దూది ముంచి కళ్ల మీద పెట్టాను. గంటలో రెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఆయనకి ఏ మొక్కయినా పడదా?" అని. అప్పుడు వెలిగింది నాకు. ఊళ్లో పొలం గట్ల మీద వయ్యారిభామ పీకిన ప్రతిసారీ నాన్నకి చేతులూ మెడా దద్దుర్లు లేచేవి. ఒక కుటుంబం మొక్క పడనివాళ్లకి ఆ కుటుంబంలో ఇంకోటి కూడా పడకపోవచ్చు. వయ్యారిభామ లేని ఊరు మనకు లేదు కాబట్టి ఈ మాట మనవాళ్లకి ముందుగా చెప్పాల్సింది. ఎవరి కళ్లకైనా సరే, ఈ నీళ్లు పెట్టొద్దనే చెప్తాను ఇప్పుడు.

అత్తయ్యగారు కూడా రెండు ప్యాకెట్లు పంపమన్నారు. ఆవిడకి గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటారు. వార్ఫరిన్ మీద ఉన్న 70 ఏళ్ల మహిళ కామోమైల్ టీ తాగుతూ, కామోమైల్ లోషన్ కూడా రాసుకుంటే లోపల రక్తస్రావం అయిందని 2006లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. ఒక్క కేసే కావచ్చు. కానీ కొన్న ఆ రెండు ప్యాకెట్లూ పంపలేదు, ప్రస్తుతం నేనే తాగుతున్నాను.