శుక్రకణాల కౌంట్ తక్కువైతే ఐయూఐ మేలా, ఇక్సీ మేలా?

ఒక్క వీర్య పరీక్ష రిపోర్టు చూసి ఐవీఎఫ్ (అండాన్ని ల్యాబులో ఫలదీకరణ చేయించే పద్ధతి) ప్యాకేజీకి డబ్బు కట్టకండి. శుక్రకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. అందుకే రెండు నెలల కిందటి గట్టి జ్వరం కూడా ఇవాళ్టి కౌంట్‌ని తగ్గించగలదు. 2 నుంచి 7 రోజులు ఆగి శాంపిల్ ఇచ్చి, కొన్ని వారాల తర్వాత మరోసారి చేయించండి. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వాడుతుంటే డాక్టరుకు దాచొద్దు. బయటి నుంచి హార్మోన్ అందితే, వృషణాలను పనిచేయించే సంకేతాన్ని మెదడు ఆపేస్తుంది. కౌంట్ సున్నాకూ పడిపోవచ్చు. మానేస్తే చాలామందిలో కొన్ని నెలలకు తిరిగొస్తుంది.

ఐయూఐనా (వీర్యకణాలను నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం), ఇక్సీనా (అండంలోకి ఒక్క కణాన్ని సూదితో దింపే ఐవీఎఫ్) అన్నది తేల్చేది ప్రధానంగా వాష్ (వీర్యద్రవం తీసేసి మంచి కణాలను వేరుచేయడం) చేశాక మిగిలే చురుకైన కణాల సంఖ్యే. ఉదాహరణకు శాంపిల్ 2 మి.లీ., మిల్లీలీటరుకు కోటి కణాలు, ముందుకు కదిలేవి 30 శాతం అనుకుందాం. అంటే మొత్తం 60 లక్షలు. వాష్‌లో మరికొన్ని పోతాయి. మిగిలినవి 50 లక్షలు దాటి, భార్య ట్యూబుల్లో కనీసం ఒకటి తెరిచి ఉండి, వయసు 35 లోపైతే ముందు ఐయూఐ చేయించుకోవడమే మేలు. ఖర్చు తక్కువ, మత్తు అక్కర్లేదు, అండం విడుదలకు ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత 36 గంటలకు సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి ఎక్కిస్తారు. మూడు నాలుగు సైకిళ్లకూ గర్భం నిలవకపోతే అక్కడితో ఆపాలి, ఆరేడు చేయించుకోవడం వయసును పోగొట్టుకోవడమే.

పది లక్షలు కూడా మిగలకపోతే ఐయూఐ మీద ఆశ పెట్టుకోవద్దు. మామూలు ఐవీఎఫ్‌లో ఒక్కో అండం చుట్టూ వేలకొద్దీ కణాలు వదలాలి, అవి చాలకపోతే ఒక్క అండమూ ఫలదీకరణ చెందకపోవచ్చు. ఇక్సీలో పండిన ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో దింపుతారు కాబట్టి ఇక్కడ అదే సరైనది. కౌంట్ బాగున్నవాళ్లకు మాత్రం ఇక్సీ వల్ల కాన్పు అవకాశం పెరగదు.

సున్నా కౌంట్ దగ్గర తేడా బాగా తెలుసుకోవాలి. కణాలు బయటికొచ్చే దారి మూసుకుపోయి, వృషణాల పరిమాణం, వాటిని పనిచేయించే మెదడు హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగా ఉంటే వృషణం నుంచి సూదితో కణాలు తీసే టీసా చాలు. వృషణాలు చిన్నగా, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే సూది గుడ్డిగా గుచ్చినట్టే. మైక్రో టీసే మేలు: వృషణాన్ని తెరిచి, మైక్రోస్కోప్‌లో ఉబ్బిన నాళాలను వెతికి తీస్తారు, దాదాపు సగం మందిలో కణాలు దొరుకుతాయి. దానికి ముందు కేరియోటైప్ (క్రోమోజోముల సంఖ్య, ఆకృతి చూసేది), వై క్రోమోజోమ్ పరీక్షలు తప్పనిసరి. వై క్రోమోజోములో శుక్రకణాల తయారీకి కావాల్సిన మూడు భాగాలను ఏజడ్‌ఎఫ్ ఏ, బీ, సీ అంటారు. ఏజడ్‌ఎఫ్ ఏ గానీ బీ గానీ పూర్తిగా లేకపోతే ఆపరేషన్ వృథా. సీ లేకపోతే కణాలు దొరకొచ్చు, కానీ పుట్టే కొడుక్కీ అదే లోపం వస్తుంది.

భార్యకు ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందే మైక్రో టీసే చేయించి, దొరికిన కణాలను ఫ్రీజ్ చేయించడం మేలు. దొరకకపోతే పది పన్నెండు రోజుల సూదుల బాధ ఆమెకు తప్పుతుంది. ఫ్రీజ్ చేస్తే ఉన్న కొద్ది కణాల్లో కొన్ని కరిగించాక బతకవు, కాబట్టి ఎన్ని గొట్టాల్లో దాచారో రాతపూర్వకంగా తీసుకోండి.