గిటార్ పలక దొప్పగా లేస్తే ఆగడమా, ఇస్త్రీ పెట్టడమా, చిత్రిక పట్టడమా?

గిటార్ వెనక భాగానికి తెచ్చుకున్న రోజ్‌వుడ్ పలకల్ని, అంటే మన జిట్రేగినే, విప్పి బల్ల మీద పడేస్తే ఒక్కోసారి రాత్రికి రాత్రే అంచులు పైకి లేచి దొప్పలా తయారవుతాయి. కొత్తగా గిటార్ చేసేవాళ్లకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. చేతిలో మూడు దారులున్నాయి. నా ఓటు మాత్రం ఆగడానికే.

చాలాసార్లు తప్పు చెక్కది కాదు, మనం పెట్టిన తీరుది. బల్లకు ఆనిన వైపు గాలి తగలదు. పైవైపు మాత్రం తేమ పోయి ముడుచుకుంటుంది, దాంతో అంచులు లేస్తాయి. ఉబ్బిన వైపు పైకి వచ్చేలా తిరగేసి ఒక పూట వదిలేయండి, చాలా వరకు దానంతట అదే సర్దుకుంటుంది. ఆ తర్వాత పలకకూ పలకకూ మధ్య ఒకే మందం ఉన్న బద్దలు పెట్టి, ఆ బద్దలన్నీ ఒకే నిలువు వరుసలో వచ్చేలా చూసి, పైన బరువు పెట్టాలి. గదిలో గాలి తేమ 45 శాతం దగ్గర ఉండాలి. విశాఖలో వానాకాలమైతే ఏసీ గానీ, గాలిలో తేమ తీసే డీహ్యుమిడిఫయర్ గానీ లేకుండా ఇది కుదరదు. ఉక్కగా ఉన్న గదిలో బ్రేసులు, అంటే పలకకు లోపలివైపు బలానికి వేసే సన్నటి కర్రలు, అతికించిన గిటార్ పొడి ఊరికి వెళ్తే పగులుతుంది. అందుకే గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ కొనడం దండగ ఖర్చు కాదు.

వారాలు గడిచినా వంపు తగ్గకపోతే అప్పుడు వేడి. రెండు వైపులా కొద్దిగా నీళ్లు చల్లి, ఇస్త్రీ పెట్టెతో సమంగా కాచి, చదునైన రెండు మందపాటి బోర్డుల మధ్య క్లాంపులతో బిగించాలి. పూర్తిగా చల్లారాకే విప్పాలి. పలకకూ బోర్డులకూ మధ్య కాగితాలు పెట్టాలి; విప్పాక ఇంకా తడిగా ఉంటే వాటిని మార్చి మళ్లీ బిగించాలి, లేకపోతే బూజు పట్టొచ్చు. వెనక భాగం కోసం రెండు పలకల్ని పక్కపక్కన జతగా అతికించక ముందే ఇది చేయాలి, వేడికి జిగురు వదిలేస్తుంది. ముందువైపు వేసే స్ప్రూస్ చెక్కకు మాత్రం నేను తడి తగలనివ్వను.

చిత్రిక నాకు అస్సలు నచ్చదు. లెక్క చూడండి: పలక 4 మి.మీ. ఉంది, చివరికి కావాల్సింది సుమారు 2.5. దొప్ప లోతు 2 మి.మీ. ఉంటే ఒక వైపు చదును చేసేసరికే మందం చాలదు. పైగా, తేమ సమంగా లేనప్పుడు చదును చేస్తే తేమ సమమయ్యాక ఎదురువైపుకు వంగుతుంది. గరుకు కాగితం చుట్టిన డ్రమ్ తిరుగుతూ అరగదీసే మెషిన్, డ్రమ్ శాండర్ అయితే, రోలర్లు పలకను నొక్కిపట్టి అరగదీస్తాయి, బయటికి వచ్చాక మళ్లీ అదే దొప్ప, కాకపోతే పలచగా. బ్రేసులతో బలవంతంగా లాగి నిలబెడదామనుకోవడం ఇంకా ప్రమాదం.

నెక్, అంటే తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం, దాని చెక్క కథ వేరు. రెండు చివర్లా రెండు తిన్నటి కర్రల్ని అడ్డంగా పెట్టి ఒక కంటితో చూడండి. వాటి పై అంచులు సమాంతరంగా కనిపించకపోతే చెక్క మెలి తిరిగినట్టే. కొన్ని వారాలు ఆరబెట్టి మళ్లీ చూసినా మెలి పెరుగుతూనే ఉంటే వేడి, బరువు ఏవీ పనిచేయవు. దాన్ని ముక్కలు కోసి లోపలి బ్లాకులకు వాడుకుని, నెక్‌కు వేరే చెక్క తెచ్చుకోండి.