కారణం చెప్పకుండా తీసేస్తే ఉచిత లాయర్ దొరికిన చోటు

బట్టల షోరూంలో బిల్లింగ్ చేసే మా చెల్లిని "రేపట్నుంచి రావద్దు" అని ఒక్క ముక్కతో పంపేశారు, కారణం అడిగితే జవాబు లేదు. లాయర్ ఫీజు ఎలా అని టెన్షన్ పడుతుంటే ఎవరో ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు చెప్పారు, అక్కడి నుంచి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతున్నా లాయర్ ఉచితమే, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టమే ఆ హక్కు ఇచ్చింది!

లాయర్ మేడం చాలా ఓపిగ్గా చెప్పారు: ఆరు నెలలు వరుసగా పనిచేసిన వాళ్లను సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని తెలంగాణ దుకాణాల చట్టం 47వ సెక్షన్‌లో ఉందట, కార్మిక శాఖలో అప్పీలు కూడా చేసుకోవచ్చట. రాజీనామా రాయమంటే మాత్రం సంతకం పెట్టొద్దన్నారు. ఈ సంస్థకు నా రేటింగ్ ఐదుకు ఐదు. వెళ్లేటప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ కార్డు, వాట్సాప్ మెసేజీలు తీసుకెళ్లండి.