వానలో పూలలోయ: 3,800 గది, ఉచిత కంబళి

ఆగస్టులో ఉత్తరాఖండ్ పూలలోయకి వెళ్లేవాళ్లకి ముందుగా ఒక్క మాట. లోయకి ముందు రాత్రి ఆగే ఊరు ఘాంఘరియాలో గదికి ఆన్‌లైన్‌లో డబ్బు మొత్తం కట్టేయకండి. రాత్రికి 3,800 చొప్పున రెండు రాత్రులకి 7,600 ముందే పుచ్చుకున్న ఒక లాడ్జి మాకిచ్చిన గది గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ గదిలో ఎలాగూ పట్టలేదు.

వెళ్లింది నేను, మా ఆవిడ, తన తమ్ముడు. హరిద్వార్ నుంచి జోషీమఠ్ దాకా ప్రయాణం హాయిగా సాగింది కాబట్టి చెప్పడానికేమీ లేదు. గోవింద్‌ఘాట్‌లో దిగేసరికి వాన మొదలైంది. అక్కడి నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు షేర్ జీపు, మనిషికి 50. ఆ తర్వాత ఘాంఘరియాకి తొమ్మిది, పది కిలోమీటర్లు నడకే.

రాళ్లు పరిచిన బాట. ఎండగా ఉంటే నిదానంగా ఎవరైనా ఎక్కేస్తారు. వానలో ఇబ్బంది పెట్టేది కంచరగాడిదల లద్దె. వాననీళ్లతో కలిసి రాళ్ల మీద పల్చగా పరుచుకుంటుంది. చూస్తే మామూలు బురదే, కాలు వేస్తే జర్రున జారుతుంది. కింద ఇనప పొన్ను ఉన్న కర్ర 30 రూపాయలకి దొరుకుతుంది, బేరమాడకుండా కొనండి. గుర్రాలు ఎదురొస్తే కొండ వైపు గోడకి ఆనుకుని నిలబడాలి, నది వైపుకి మాత్రం వెళ్లకండి. వాటి మీద కట్టిన సిలిండర్లకి మనమీద దయ ఉండదు.

రెయిన్‌కోటు సంగతి. గోవింద్‌ఘాట్‌లో అమ్మే 60 రూపాయల పల్చటిది చంక దగ్గర గంటలోనే చిరిగిపోయింది. 350 పెట్టి కొన్న మందపాటిది, బ్యాగు మీదుగా మోకాళ్ల దాకా వచ్చేది, చివరిదాకా కాపాడింది. బావమరిది మాల్‌లో కొన్న జాకెట్ మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది. రాసిన అక్షరాలు మాత్రమే తడవలేదు.

దారిలో వచ్చే భ్యూందార్ ఊరిని 2013 జూన్ వరదలు ఊడ్చేశాయి. పక్కనే లక్ష్మణగంగ హోరు, పైన ఆగని వాన. ఈ వరద సంగతి నేను అక్కడే చెప్పాను. మా ఆవిడ ఘాంఘరియా వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఇక లాడ్జి. ఫొటోలో కిటికీలోంచి మంచుకొండ కనపడింది. మాకిచ్చింది వెనక వైపు, కొండని ఆనుకున్న గది. గోడ చెమరుస్తోంది. కిటికీకి ఒక అద్దం లేదు, బిస్కెట్ల అట్టపెట్టె అడ్డం పెట్టారు. రజాయిని రెండు చేతులతో నొక్కితే అరచేతులు చల్లగా తడి అయ్యాయి. బావమరిది స్నానాల గదిలోకి వెళ్లి అక్కడి నుంచే కేకేశాడు.

"బావా, ఇక్కడ గీజర్ ఉంది."

"హమ్మయ్య. వెయ్యి."

"దీనికి వైరు లేదు బావా. గోడకి దిష్టిబొమ్మలా తగిలించారు."

కిందకి వెళ్లి మేనేజర్‌ని అడిగాను. కోపం వస్తే నా హిందీలో ఆడా మగా తేడా ఉండదు. అయినా అతనికి అన్నీ అర్థమయ్యాయి. జనరేటర్ రాత్రి ఏడు నుంచి పది దాకానే అట, దాని మీద గీజర్లు నడవవట. బకెట్ వేడినీళ్లు 100. ముగ్గురికి 300. తడిసిన బూట్లు వంటింట్లో పొయ్యి దగ్గర ఆరబెట్టుకోవడానికి జతకి 50. రజాయి మార్చమంటే, అద్దం పెట్టించమంటే, దేనికైనా ఒకటే జవాబు: "బారిష్ హై సాబ్." వాన పడుతోందని మాకూ తెలుసు. రాత్రంతా మంచం మీద కూడా పడింది.

పొద్దున్నే గది ఖాళీ చేసి రెండో రాత్రి డబ్బు వెనక్కి అడిగాను. బుకింగ్ యాప్‌లోనే అడగమన్నాడు. ఆ యాప్ వాళ్లు, తర్వాత నెట్ దొరికినప్పుడు, గీజర్ ఫొటో పంపమన్నారు. పంపాను. "గీజర్ ఉంది కదా సార్" అని జవాబొచ్చింది. 3,800 అలా పోయింది.

అదే ఊళ్లో గురుద్వారా ఉంది. లోపలికి వెళ్తే సేవాదార్, అంటే అక్కడ ఉచితంగా సేవ చేసే మనిషి, ఒకాయన అడిగింది ఒక్కటే, ఎంతమంది అని. పెద్ద హాలు, గోడవారగా కప్పుదాకా పేర్చిన కంబళ్లు. గరుకుగా ఉంటాయి, పాత వాసన వేస్తాయి, కానీ పొడిగా ఉంటాయి. ఆ రెండు రోజుల్లో నేను తాకిన మొదటి పొడిబట్ట అది. లంగర్‌లో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, వేడి రొట్టెలు, పప్పు, అడిగినన్ని సార్లు టీ. డబ్బు ఎవరూ అడగరు. మేము హుండీలో 1,000 వేశాం. ఏకాంతం కావాలనుకునేవాళ్లకి, గురకలు పడనివాళ్లకి ఇది సరిపడదు. మా ఆవిడ అయితే లాడ్జిలో కన్నా ఇక్కడే బాగా నిద్రపోయింది, పొద్దున నాతో మాట్లాడింది కూడా.

పూలలోయ గేటు మామూలుగా ఏడింటికి తెరుస్తారు. రాత్రి వానకి వాగు పొంగిందని ఎనిమిదిన్నర దాకా ఆపారు. కొందరు గొడవపడ్డారు కానీ ఆపడమే న్యాయం. టికెట్ మనిషికి 200. లోయలోకి గుర్రాలని రానివ్వరు. నడవలేనివాళ్లని బుట్టలో మోసేవాళ్లు దొరుకుతారు. పుష్పావతి నది మీది వంతెన దాటాక ఎక్కుడు గట్టిగానే ఉంటుంది.

పైన అంతా మబ్బు. పది అడుగుల అవతల ఏమీ కనపడదు. మా ముందున్న గుంపు "డబ్బు దండగ" అనుకుంటూ వెనక్కి తిరిగింది. తప్పు చేశారు. ఇక్కడ పూలు బాగా పూసేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, అంటే నిండు వానల్లో. వాన లేని రోజు చూసి వస్తామంటే పూలు లేని రోజే దొరుకుతుంది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది కూడా వానాకాలంలోనే. మొక్కల కోసం ఇంగ్లండ్ నుంచి వచ్చి 1939లో ఇక్కడే జారిపడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్గె సమాధి దాకా వెళ్లాం. జారుడు రాళ్ల మీద నడుస్తూ ఆ వివరం చదవడం మా ఆవిడకి నచ్చలేదు.

మబ్బు ఒక అరగంట లేచింది. నడుము ఎత్తున గులాబీ రంగు బాల్సమ్ పూలు వాలంతా ఉన్నాయి, కానీ నాకు నచ్చింది రాళ్ల సందులో ఒంటరిగా ఉన్న బ్లూ పాపీ. కాడ నిండా సన్నటి ముళ్లు, ప్రతి ముల్లుకీ ఒక నీటిచుక్క. తడిసిన రేకు వెనక వేలు పెడితే వేలు కనపడుతుంది. ఎండలో వెళ్లినవాళ్ల ఫొటోల్లో ఈ చుక్కలు లేవు.

మర్నాడు హేమకుండ్, కొండ మీద సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల గురుద్వారా. ఆరు కిలోమీటర్లే, కానీ పైన ఎత్తు 4,300 మీటర్ల పైమాటే. మా ఆవిడకి గుర్రం మాట్లాడబోతే బోర్డు మీద 1,500, వాన రేటు 2,500 అన్నాడు. ఆ వెయ్యి మీద కోపంతోనే తను నడిచి ఎక్కేసింది. జిమ్‌కి వెళ్లే తమ్ముడు మాత్రం ప్రతి మలుపులో తల పట్టుకుని కూర్చున్నాడు. సరస్సు ఒడ్డు తప్ప ఏమీ కనపడలేదు. స్టీలు గ్లాసులో టీ, వేడి కిచిడీ మాత్రం ఎప్పటికీ గుర్తుంటాయి. పైన రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నం రెండింటికల్లా దిగమంటారు.

గుర్రం ఎక్కాలంటే పైకి ఎక్కేటప్పుడే ఎక్కండి. దిగేటప్పుడు వద్దు. తడి మెట్ల మీద అది ముందుకు వంగినప్పుడల్లా మనం దాని మెడ మీదకి జారతాం. బావమరిది 1,000 ఇచ్చి ఎక్కాడు, నాలుగో మలుపులో దిగి నడిచాడు. గుర్రంవాడు డబ్బు వెనక్కి ఇవ్వలేదు, పైగా ఘాంఘరియా దాకా ఖాళీ గుర్రంతో మా పక్కనే వచ్చాడు.